నూట అరవై అడుగుల సంసారం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ మాట అన్న పెద్దమనిషికి కట్టుకోవడానికి జానెడు జాగా అయినా ఉండి ఉంటుంది. జాగా లేనివాడి సంగతి, జీతంలో సగం అద్దెకే పోసేవాడి సంగతి ఆ సామెతలో లేదు. అలాంటివాళ్లకి ఇల్లు ఎవరు కట్టాలి? బొంబాయి మహానగరంలో ఈ ప్రశ్న దొరల దాకా వెళ్లింది. అయితే దాన్ని అక్కడికి మోసుకెళ్లింది ఎవరి జాలిగుండే కాదు, ఎలుక.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవు దగ్గర మాండ్వీ అనే పేటలో డాక్టర్ అకాసియో వీగాస్ అనే గోవా వైద్యుడు ఒక రోగిని చూసి, ఇది మామూలు జ్వరం కాదు, ప్లేగు అన్నాడు. మాండ్వీ నిండా ధాన్యపు గోదాములు. గోదాముల నిండా ఎలుకలు. వాటి మీదా పక్కనా మనుషులు. నెలలు తిరక్కుండానే ఊరు సగానికి సగం ఖాళీ అయింది. మిల్లులు ఆగాయి, రేవు ఆగింది. అంతవరకూ పేదవాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో పట్టని పెద్దలకి ఆ సంగతి హఠాత్తుగా పట్టింది.

అప్పటికి నలభై ఏళ్లుగా బొంబాయికి జనం వస్తూనే ఉన్నారు. మొదటి నూలుమిల్లు 1854లో పుట్టింది. ఆ తర్వాత పదుల కొద్దీ పుట్టాయి. కొంకణం నుంచీ సతారా నుంచీ వచ్చినవాళ్లు మగ్గాల దగ్గర చేరారు. నిజాం రాజ్యం నుంచి వెళ్లిన మన తెలుగువాళ్లు రాళ్లు మోశారు, గోడలు కట్టారు. వాళ్లని అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్లు కాపురం ఉన్న పేటే కామాఠిపురా. ఆ పేరు వినగానే ఇవాళ మనం ముఖం తిప్పుకుంటాం గానీ, అసలు అది మన తాపీపనివాళ్ల పేరు. బొంబాయిలో మనం మెచ్చుకుని ఫోటోలు తీసుకునే భవనాల్లో చాలా వాటి కింద వాళ్ల చెమట ఉంది. కట్టినవాళ్లు ఎక్కడ ఉన్నారయ్యా అంటే, చాల్‌లో. చాల్ అంటే మన వైపు వరస ఇళ్లు అంటామే, అవే. కాకపోతే వీటిని మూడు నాలుగు అంతస్తులుగా ఒకదాని నెత్తిన ఒకటి పేర్చారు. ఒక్కో సంసారానికి ఒక్కో గది. అందులోనే పొయ్యి, అందులోనే పురుడు.

ప్లేగు వచ్చాక అధికారులు ఇల్లిల్లూ తిరిగారు. వెలుతురు పడాలని పైకప్పు పెంకులు ఊడదీశారు. సామాన్లు కాల్చేశారు. పనికిరాదని తేల్చిన ఇంటి గోడ మీద యు.హెచ్.హెచ్. అని మూడు అక్షరాలు రాశారు. మనుషులు ఉండదగని ఇల్లు అని చెప్పే ఇంగ్లీషు మాటలకి అవి పొడి అక్షరాలు. ఆ ఇంట్లో ఉంటున్న తల్లికి ఇంగ్లీషు రాదు. అక్షరాలు పడ్డాక వంటసామాను బయట పెట్టుకోవాలని మాత్రం తెలిసిపోయేది. ఆడపిల్లల్ని పరాయి మగాళ్లు పట్టి చూడ్డం, జబ్బుపడ్డవాళ్లని ఆస్పత్రికి లాక్కుపోవడం జనానికి పుండు మీద కారంలా తోచింది. 1898 మార్చిలో నేతపనివాళ్లుండే పేటలో జబ్బుగా ఉన్న ఒక పిల్లని పరీక్ష చేయబోతే పెద్ద కొట్లాటే జరిగింది.

ఆ ఏడాది చివర్లోనే చట్టం చేసి బాంబే సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అనే సంస్థని పెట్టారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి 1866లోనే ఇలాంటిది ఒకటి ఉంది. ఆ నమూనానే ఇక్కడికి తెచ్చారు. ట్రస్టు చేయవలసిన పనుల్లో ముఖ్యమైనవి మూడు. ఇరుకు పేటలు కూల్చడం, గాలి ఆడేట్టు వెడల్పు వీధులు వేయడం, పేదలకు ఆరోగ్యమైన ఇళ్లు కట్టడం. మొదటి రెండూ బహు శ్రద్ధగా చేశారు.

నాగ్‌పాడాతో మొదలుపెట్టారు. ప్రిన్సెస్ స్ట్రీటు, శాండ్‌హర్స్ట్ రోడ్డు వేసి పడమటి సముద్రపు గాలిని ఊరి నడిబొడ్డుకి తీసుకొచ్చారు. గాలి వచ్చిన మాట నిజం. కాని ఆ వీధులకి చోటిచ్చి లేచిపోయిన జనం ఎక్కడికి వెళ్లారు? పక్క సందుకి. అక్కడ అప్పటికే అయిదుగురున్న గదిలో మరో నలుగురు దూరారు. సందు సందుకీ అద్దె పెరిగింది. ఒక పేటలో ఇరుకు తీసి ఇంకో పేటలో పోశారన్నమాట. మనం పండగకి ఇల్లు సర్దేటప్పుడు ముందుగది చెత్తంతా వంటింట్లోకి తోసినట్టు.

ట్రస్టు పాలకవర్గంలో ప్రభుత్వం మనుషులున్నారు, మునిసిపాలిటీ మనుషులున్నారు, వర్తకులున్నారు. అద్దెకుండేవాళ్ల తరఫున మాట్లాడే మనిషి లేడు. ఆడవాళ్ల ఊసు సరేసరి. ఇక నష్టపరిహారం సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. కూల్చిన ఇంటికి యజమానికిచ్చే సొమ్ము ఆ ఇంటి మీద వచ్చే అద్దెని బట్టి లెక్క కట్టేవారు. పది కుటుంబాలుండాల్సిన చోట ముప్పై కుటుంబాల్ని కుక్కినవాడికి అద్దె ఎక్కువ వస్తుంది. కాబట్టి పరిహారమూ ఎక్కువే. ఇల్లు ఎంత పాపిష్టిదైతే ఇంటాయనకి అంత లాభం. కుక్కబడ్డవాళ్లకి మాత్రం చేతిలో మూట.

ఈ కథ మన దగ్గరే జరిగిందనుకోకండి. దొరల సొంత ఊరు లండనులోనూ అప్పుడే జరిగింది. అక్కడ ఓల్డ్ నికల్ అనే మురికివాడని కూల్చి బౌండరీ ఎస్టేటు అనే ముచ్చటైన ఎర్ర ఇటుకల కాలనీ కట్టి 1900లో స్వయంగా వేల్స్ యువరాజు చేత ప్రారంభోత్సవం చేయించారు. కూల్చినప్పుడు ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు 5,719 మంది. వాళ్లలో కొత్త ఇళ్లలో చేరినవాళ్లు పదకొండు మంది. మిగిలినవాళ్లకి ఆ అద్దె అందలేదు. పన్ను కట్టేవాళ్ల మీద భారం పడకుండా ఇళ్ల ఖర్చు ఇళ్ల అద్దెలోంచే రావాలన్నది నియమం. అంటే సర్కారు కట్టింది గానీ, సర్కారు భరించలేదు. కట్టడానికీ భరించడానికీ మధ్యనే ఆ అయిదువేల ఏడువందల ఎనిమిది మంది జారిపోయారు.

బొంబాయి ట్రస్టుకీ ఇదే జబ్బు. తన ఖర్చు తానే రాబట్టుకోవాలి. అయినా ఆగ్రిపాడాలో, పరేల్‌లో, మరికొన్ని చోట్ల చాళ్లు కట్టింది. వాటికి బి.ఐ.టి. చాళ్లని పేరు. వాటిలో ఒకదాని గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. చిన్నప్పుడు అంబేడ్కర్ పరేల్‌లో ఒక ప్రైవేటు చాల్‌లో ఒంటిగదిలో చదువుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఒకేసారి పడుకునే చోటు లేక, తండ్రి పిల్లవాణ్ణి పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండింటికి లేపి దీపం దగ్గర కూర్చోబెట్టేవాడట. తర్వాత ఆ కుటుంబం ట్రస్టు చాల్‌కి మారింది. రెండో అంతస్తులో రెండు గదులు. ఇరవై ఏళ్లు గడిచినా, విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చినా ఆయన కాపురం అక్కడే. ఒక గదిలో పుస్తకాలు, రెండో గదిలో రమాబాయి వంటా సంసారం. రెండో గది లేకపోతే ఆ చదువు ఎలా సాగేదో ఆలోచించండి. 1930ల మొదట్లో ఆయన దాదర్ హిందూ కాలనీలో రాజగృహ అనే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ప్రాంతాన్ని ప్లాట్లు వేసి అభివృద్ధి చేసింది కూడా ఈ ట్రస్టే. మధ్యతరగతివాళ్ల కోసం దాదర్, మాటుంగాల్లో వేసిన ఆ కాలనీలు చక్కగా కుదిరాయి. మనలాంటివాళ్ల పనులు ఎప్పుడూ చక్కగానే కుదురుతాయి.

ట్రస్టుకి పదేళ్ల పాటు అధ్యక్షుడిగా ఉన్న జె.పి. ఆర్ అనే ఆయన మాత్రం నాకు నచ్చాడు. వెలుతురు పిచ్చి ఆయనకి. ప్రతి గది గోడకీ అరవై మూడున్నర డిగ్రీల కోణంలో ఆకాశం కనిపించాలన్నాడు. లెక్కలంటే భయపడకండి, నాకూ భయమే. ఎదురింటి గోడ ఎంత ఎత్తుందో, అందులో సగమైనా మధ్యలో ఖాళీ జాగా ఉండాలి, అంతే దాని అర్థం. అప్పడాలు ఎండబెట్టుకునే ఏ ఇల్లాలికైనా తెలిసిన సూత్రమే. ఆయన దాన్ని కాగితం మీద పెట్టాడు. యజమానులు మండిపడ్డారు. ఖాళీ జాగా అద్దెకి పోదు కదా.

మొదటి ప్రపంచయుద్ధం అయ్యేసరికి ధరలు మండి, అద్దెలు మండి, సమ్మెలు మొదలయ్యాయి. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ ఏకంగా యాభైవేల ఇళ్లు కడతానన్నాడు. అందుకు బాంబే డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు పుట్టింది. డబ్బుకి మంచి ఉపాయమే వేశారు. నగరానికి వచ్చే పత్తి బేలు ఒక్కింటికి రూపాయి సుంకం. పత్తి వల్ల వచ్చిన జనానికి పత్తి డబ్బుతో ఇల్లు. సబబుగానే ఉంది. తీరా కట్టింది అందులో మూడో వంతు. వర్లీలో 121 భవనాలు, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివడీలో 12, మొత్తం 207. ఒక్కో భవనంలో ఎనభై గదులు. నడుమ చీకటి నడవా, దానికి అటూ ఇటూ గదులు, అంతస్తుకి ఒకచోట మరుగుదొడ్లు. గది 160 చదరపు అడుగులు. మీ ఇంట్లో పెద్ద పడకగది కొలిచి చూసుకోండి, ఇంచుమించు అంతే ఉంటుంది.

అలా కట్టినవి నిండాయా? లేదు. వర్లీలో చాలా గదులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. సుంకం డబ్బుతో అద్దె కొంత తగ్గించినా కూలివాడికి అది ఎక్కువే. దానికి తోడు వర్లీ అప్పట్లో ఊరికి ఎడం. మిల్లు గంట వినిపించే దూరంలో ఉండాలి కూలివాడు. ఆడవాళ్లకైతే ఇంకో లెక్క ఉంది, ఆ లెక్క ఏ ఇంజనీరూ వేయలేదు. ఉద్దెర ఇచ్చే కొట్టు, నెలాఖరున చేబదులిచ్చే పక్కింటావిడ, పిల్లని కాస్త చూస్తూ ఉండమంటే చూసే ముసలమ్మ, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు. గోడలొక్కటీ ఇస్తే సరిపోదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నాటికి ఆ ఖాళీ చాళ్లని ప్రభుత్వం తాత్కాలిక జైలుగా వాడుకుంది. పేదలకని కట్టిన ఇళ్లలోకి ఆ విధంగా దేశభక్తులు గృహప్రవేశం చేశారు.

దూరం అనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి రెండేళ్ల కిందట నగరం చివర సర్కారు ఇల్లు వచ్చింది. రెండు పడకగదులు, వంటిల్లు, 560 చదరపు అడుగులు. ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో నాకు చూపించి మురిసిపోయింది. ఇప్పుడు రెండు బస్సులు మారి వస్తుంది. నాలుగిళ్లలో చేసే పని రెండిళ్లకి తగ్గింది. ఇల్లు వదులుకుంటావా అంటే ప్రాణం పోయినా వదలనంటుంది. వదలకూడదు కూడా. ఆ బస్సేదో నేరుగా వేస్తే ఏం పోయింది అన్నదే నా బాధ.

మళ్లీ వర్లీకి వస్తాను. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ చాళ్లు నిండిపోయాయి. నగరం పెరిగి వర్లీ దాకా వచ్చింది. మన తెలంగాణ పద్మశాలీలు ఎందరో మిల్లుల్లో పనికి కుదిరి ఆ చుట్టుపట్ల స్థిరపడ్డారు. ఆరేడేళ్ల కిందట ఒక సభకి ముంబయి వెళ్లినప్పుడు తెలిసినవాళ్ల ద్వారా అక్కడి చాల్‌లో ఒక పెద్దావిడని కలిశాను. డెబ్బై దాటిన మనిషి. గడప ముందు నడవాలో అరచేయంత ముగ్గు. లోపల మంచం ఎత్తుగా లేపి దాని కింద ట్రంకుపెట్టెలు, బియ్యం డబ్బా, మిక్సీ. గోడకి అటక. నీళ్ల డ్రమ్ము మీద మడతపెట్టిన పరుపు.

"మాది సిరిసిల్ల దిక్కు బిడ్డా. పెండ్లయినంక ఈడికే వచ్చిన" అంది. ఒకప్పుడు ఆ గదిలో తొమ్మండుగురు ఉండేవాళ్లట. ఎలా సరిపోయారమ్మా అన్నాను. "షిఫ్టులుంటయి గద. ఒకలు లేసి మిల్లుకు పోతె ఆ జాగల ఇంకొకలు పండుకుందురు. మొగోళ్లు బయట నడవల పండుకుందురు." కాసేపాగి నవ్వింది. "మొదటి యాడాది మా ఆయనతోని మాట్లాడాల్నంటే సముద్రం కాడికి పోయేది. ఇంట్ల యాడ మాట్లాడ్తం, అత్తమామలు, ఆడబిడ్డలు?" మరుగుదొడ్డి సంగతి నేనడక్కుండానే చెప్పింది. "పొద్దుగాల నాలుగింటికే డబ్బా పట్టుకొని నిలవడాలె. ఆడిపిల్లలకు బుద్ధెరిగిన కాడినుంచి అదే."

1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. అది ఎన్నటికీ తేలలేదు. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు, వేలమంది బతుకులు వీధిన పడ్డాయి. ఆవిడ భర్త కొలువూ పోయింది. ఆవిడ ఇడ్లీలు వేసి అమ్మింది, నలుగురు ఒంటరి కూలీలకి డబ్బు తీసుకుని భోజనం పెట్టింది. మిల్లుపేటల్లో ఇలా వండి పెట్టిన ఆడవాళ్లు వేలమంది. వాళ్లకి బ్యాంకు అప్పులు ఇప్పించడానికే 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టింది. ఆ రోజుల గురించి చెబుతూ పెద్దావిడ అన్నమాట ఇది. "మిల్లు పోయింది గని ఖోలీ పోలె బిడ్డా. కిరాయి నాలుగు పైసలు, ఎట్లనో కట్టుకున్నం. ఖోలీ పోతె ఊరికి వాపస్ పోయెటోళ్లమే. పోరగాండ్ల సదువు ఆడనే ఆగు."

ఖోలీ అంటే అక్కడి మాటలో గది. చీకటి నడవా, బారులు తీరిన మరుగుదొడ్లు, అన్ని తిట్లూ తిట్టుకున్నాక కూడా ఆ గదిని నేను చిన్నచూపు చూడలేను. దాని యజమాని సర్కారు. మార్కెట్టు ఎంత పెరిగినా అద్దె పెంచి తరిమేయలేదు. కట్టి వదిలేయకుండా వందేళ్లు యజమానిగా ఉండిపోయింది. రంగులు వేయించలేదు, పైపులు బాగుచేయించలేదు, నిజమే. కాని మూడు తరాలు కదలకుండా ఉన్నాయి. మగ్గం దగ్గర నిలబడ్డ తాతకి బ్యాంకులో కూర్చునే మనవరాలు పుట్టింది. పిల్లలకి ఇల్లొక్కటి నిలకడగా ఉంటే మిగిలినవి వాళ్లే చూసుకుంటారు.

ఆ మాత్రం గది కూడా దొరకనివాళ్ల గతి 1981 వానాకాలంలో లోకం చూసింది. ముఖ్యమంత్రి అంతులే హుకుంతో బొంబాయి పేవ్‌మెంట్ల మీద కాపురాలని పీకి, మనుషుల్ని బస్సులెక్కించి ఊరి బయటికి పంపారు. ఓల్గా టెల్లిస్ అనే పాత్రికేయురాలు, కొందరు పేవ్‌మెంటు వాసులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1985లో తీర్పు వచ్చింది. బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమే, పని దగ్గర ఉండాలి గనకనే వాళ్లు అక్కడ ఉంటున్నారు అని కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుని, నోటీసు ఇచ్చి తీసేయవచ్చు అని కూడా చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు సగం అన్నం పెట్టి విస్తరి లాగేసినట్టనిపించింది.

1995 నుంచి మహారాష్ట్రలో ఇంకో పద్ధతి వచ్చింది. మురికివాడ ఉన్న స్థలంలోనే బిల్డరు ఎత్తైన భవనాలు కట్టి, వాడలోవాళ్లకి ఉచితంగా ఇళ్లిచ్చి, మిగిలిన జాగాలో కట్టినవి అమ్ముకోవచ్చు. సర్కారుకి చేతి చమురు వదలదు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. గోవండీ వైపు పేదలకని కట్టిన కొన్ని భవనాల మధ్య దూరం చూస్తే ఆర్ దొరగారు తన కోణమానిని విసిరికొట్టేవాడు. ఒక కిటికీలోంచి చేయి చాపితే ఎదురు కిటికీకి అందేంత దగ్గర. కింది అంతస్తుల్లో పట్టపగలు దీపం పెట్టుకోవాలి. అక్కడ క్షయరోగం ఎక్కువగా ఉండడానికీ, గాలీ వెలుతురూ లేకపోవడానికీ సంబంధం ఉందని 2018లో డాక్టర్లూ ఐఐటీ వాళ్లూ కలిసి చేసిన పరిశీలనలో తేలింది. ప్లేగు నాడు గోడ మీద మూడక్షరాలు రాయడానికి ఒక మనిషైనా వచ్చాడు. ఈ గోడలకి ప్లాస్టరింగు కొత్తది కాబట్టి ఎవరూ రాయరు.

వర్లీలో మాత్రం సర్కారు తన స్థలంలో తనే కడుతోంది. 2017లో శంకుస్థాపన జరిగింది. పాత 160 అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు, పైసా తీసుకోకుండా. నలభై అంతస్తుల భవనాల్లో మొదటి విడతగా 556 కుటుంబాలకి 2025 ఆగస్టులో తాళాలిచ్చారు. ఆ జాబితాలో మన పెద్దావిడ కుటుంబం పేరు కూడా ఉందని ఆమె కోడలు ఫోను చేసి చెప్పింది. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి తలుపు వేసుకోవడానికి ఒక పడకగది వచ్చిందంది. లిఫ్టులకీ నీళ్ల మోటార్లకీ నెలనెలా ఎంత కట్టాల్సి వస్తుందో, కొడుకుల జీతాలకి అది అందుతుందో లేదో అని బెంగగా ఉందంది. ఆ బెంగ ఊరికే పుట్టింది కాదని నాకూ తెలుసు. ఉచితంగా వచ్చిన ఇల్లు నెల ఖర్చు భరించలేక అమ్ముకుని, మళ్లీ ఏదో మురికివాడ చేరినవాళ్ల కథలు ఆ ఊళ్లో కొల్లలు.

మీ అత్తగారు ఏమంటున్నారు అని అడిగాను.

"అలవాటు పోలేదక్కా. రోజూ నాలుగింటికే లేస్తుంది. బాత్రూం తలుపు దాకా పోయి చూస్తుంది. ఎవ్వరూ లేరని మళ్లొచ్చి పండుకుంటుంది" అంది.